రొమ్మెత్తు కొలత

టేపు ఒక కొస నా చేతిల,
ఇంకో కొస సఫియా మేడం చేతిల,
నడుమ నల్లమద్ది.
"రొమ్మెత్తున పట్టాలె జోగయ్యా" అంటది.
మనిషి గుండె కొట్టుకునే ఎత్తుల్నే
చెట్టును కొలుస్తరట.
నూట నలభై రెండు.
పుస్తకంల రాసుకుంటది, మెడ ఎత్తి కొన దిక్కు చూస్తది,
ఏదో గుణిస్తది.
ఎండిన కట్టె బరువుల సగం బొగ్గే అంటది.
"ఈ చెట్టు నిలబడ్డన్ని రోజులు
ఆ బొగ్గు గాలిల కలువదు, అంతే లెక్క."

తాడ్వాయి అడవిల ఇది పదకొండో రోజు.
కూలి, మధ్యాహ్నం పులిహోర పొట్లం.
తాడుతోని చదరం గుంజి
లోపల పడ్డ చెట్టు చెట్టుకు రేకు బిళ్ల కొడుతున్నం.

నాకూ ఒక కొలత తెలుసు, చెప్పలే.
తిరుమాను ముప్పై దెబ్బలు.
ఏగిస నలభై, ఎర్రగ కారుతది, అంగి మీది మరక
మూడు ఉతుకులకు పోదు.
బిల్లుడు మొండిది, గొడ్డలి పదును తింటది.
నల్లమద్దికి అర్ధపూట.
ఎండకాలం దాని బొడిపెను కొడితే నీళ్లు కారుతయి.
దప్పికైతే దోసిలి పట్టి తాగినం,
తాగి, మూతి తుడుసుకొని,
దాన్నే నరికినం.

మా నర్సక్క రెండో కాన్పు ఏడు అది.
మూడెకరాలు.
మూడు రాత్రులు కాలింది.
రెండేండ్లు జొన్న మంచిగనే పండింది,
తర్వాత పరకాల సేటు పత్తి విత్తనం ఉద్దెర ఇచ్చిండు.
పత్తికి ఆకలెక్కువ.
ఇంకో ఎకరం అడిగింది,
ఇచ్చిన.

"మేడం, నరికిన చెట్లు మీ పుస్తకంల ఎక్కడుంటయి?"
పెన్ను ఆపింది.
"గాలిల" అంది. "కాలిన చెట్టు యాడికీ పోదు జోగయ్యా,
పైన దుప్పటోలె పరుసుకుంటది."
పైకి చూసిన.
నీలంగ ఉంది, ఏం కనబడలే.
కానీ ఈయేడు ఇప్పపువ్వు
శివరాత్రి దాటకముందే రాలింది,
గంప పట్టుకొని మావోళ్లు పోయేసరికి
ఎండి చప్పబడ్డది.

రాత్రి గుట్టెక్కితే భూపాలపల్లి దిక్కు
పొగగొట్టం మీద ఎర్రదీపం కనబడతది.
కింద బొగ్గు మండుతనే ఉంటది,
తీగెలమీద కరెంటు ఏ పట్నానికో పోతది.
"ఆ పొగ మింగేటందుకు నా మద్ది చెట్టు పనికి రావాలె,
నా పత్తి చేను ఆగాలె, అంతేనా?"
మేడం కాదనలే, ఔననలే.
"రెండూ ఆగాలె" అంది చాలా సేపటికి.
"ముందుగల ఎవరిది ఆగాలో నా చేతిల లేదు."

తునికాకు కట్టకు యాభై ఆకులు,
కళ్లంల ఎంచి పైసలిస్తరు, తెలుసు.
నరకని అడవికి కూడ పైసలొస్తయంటున్నరు.
నరకకపోవడాన్ని ఎట్ల ఎంచుతరు?
ఏ నారతోని కడతరు కట్ట?
అడిగితే నవ్వింది.
"దానికే ఈ టేపు" అంది.

నూట పదిహేడో బిళ్ల కొట్టి నాలుగడుగులేసిన.
మొద్దు.
గాట్లన్నీ ఎడమ నుంచి పడ్డయి.
మా ఊర్ల ఎడమచేతి గొడ్డలి
నాదొక్కటే.

"టేపు పట్టు మేడం" అన్న.
"మొద్దుకు రొమ్మెత్తు ఉండదు జోగయ్యా."
మోకాళ్ల మీద కూసున్న.
అప్పుడు నా రొమ్ము
దాని కోత ఎత్తుకొచ్చింది.

పక్కనుంచి మూడు చిగుళ్లు లేసినయి,
చిటికెనవేలంత లావు లేవు.
పుస్తకంలకు ఎక్కాలంటే ఇంకా శానా ఏండ్లు.
ఒకదాని చుట్టు టేపు తిప్పిన,
రెండు కొసలు ఊకెనే కలిసినయి.

మేడం ఏం రాయలే.
చిగురును తొక్కకుండ చుట్టు తిరిగి పోయి
అవతల నిలబడి పిలిచింది,
"నూట పద్దెనిమిది."

అది పక్క చెట్టుది.